రీడింగ్స్ రాసింది చాలు.. కనెక్షన్ ఇవ్వండి!

సైన్స్, ఇంజినీరింగ్‌లో అడుగుపెడుతున్న మన సీమ అమ్మాయిలకు ఒక సీనియర్ అక్క మాట

బీటెక్ రెండో ఏడు. ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్. బల్ల మీద డీసీ షంట్ మోటారు, పక్కన అమ్మీటరు, వోల్ట్‌మీటరు, రెండు రియోస్టాట్లు. మా బ్యాచ్‌లో ఐదుగురం. ముగ్గురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. ల్యాబ్‌లోకి పోగానే అబ్బాయిల చేతుల్లోకి వైర్లు వెళ్లాయి. నా చేతిలోకి అబ్జర్వేషన్ బుక్కు వచ్చింది. ‘నీ రైటింగ్ బాగుంటుంది గదా, నువ్వు రాయి’ అన్నారు. పొగడ్తే అనుకున్నాను. సంబరంగా రాశాను కూడా. ఆ సెమిస్టరు అంతా రాస్తూనే ఉన్నాను.

ఆఖర్లో ఎక్స్‌టర్నల్ పరీక్ష వచ్చింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన సారు నా రికార్డు తిరగేసి, ‘చాలా నీట్‌గా ఉందమ్మా. ఈ మోటారుకు కనెక్షన్ ఇచ్చి స్టార్ట్ చెయ్యి’ అన్నారు. అంతే, చేతులు ఆడలేదు. ఫీల్డ్ రియోస్టాట్‌ను కనిష్ఠంలో పెట్టి స్టార్ట్ చేయాలని నాకు తెలుసు. లేకపోతే వేగం అదుపు తప్పుతుందని నా రికార్డులో నేనే రాసుకున్నాను. కానీ బల్ల మీదున్న ఆ రియోస్టాట్‌ను ఏ వైపుకు జరిపితే కనిష్ఠమో తెలియదు. ఎందుకంటే ఒక్కసారీ జరపలేదు!

మొన్న దసరాకు ప్రొద్దుటూరు వెళ్లినప్పుడు కొంతమంది ఇంజినీరింగ్, డిగ్రీ అమ్మాయిలను కలిశాను. ప్రొద్దుటూరు వాళ్లే కాదు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఈ ల్యాబ్ సంగతి చెప్పగానే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ‘అక్కా, మా ల్యాబ్‌లోనూ అంతే’ అని ఒక పాప అంది. నేను చదివి ఇన్నేళ్లయినా పెన్ను మాత్రం చేయి మారలేదన్నమాట. ఈ వ్యాసం ఆ పాప కోసమే. మీరూ రీడింగ్స్ రాసే బ్యాచ్‌లో ఉంటే మీ కోసం కూడా.

కండెలు చుట్టే చేతులు

మా ఇంట్లో గుంత మగ్గం ఉండేది. ఎప్పుడు చూసినా మా జేజి రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ ఉండేది. అబ్బ మగ్గం నేసేవాడు. చీర దిగినాక షావుకారు లెక్క రాసేది అబ్బ పేరు మీదే. జేజి చుట్టిన నూలు లేకుండా ఆ చీరలో ఒక్క అంగుళం కూడా లేదు. కానీ ‘ఈ చీర ఎవరు నేసినారు?’ అంటే జేజి పేరు ఎవరూ చెప్పరు, ఆమె కూడా చెప్పదు.

ల్యాబ్‌లో మనం చేస్తున్నదీ అదే. పని మొత్తంలో సగం మనదే, పేరు వచ్చే సగం మాత్రం మనది కాదు. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, కంపెనీలు జీతం ఇచ్చేది కూడా ఆ రెండో సగానికే.

మగ్గం అంటే వెనకబాటు అనుకుంటారు కొందరు. జాకార్డు మగ్గం మీద ఉండే రంధ్రాల అట్టలు గుర్తున్నాయా? 1804లో ఫ్రాన్స్‌లో వచ్చిన ఆ అట్టల ఆలోచననే చార్లెస్ బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్ కోసం తీసుకున్నాడు. ఆ యంత్రం గురించి 1843లో వివరమైన నోట్స్ ప్రచురించింది ఏడా లవ్‌లేస్ అనే మహిళ. జాకార్డు మగ్గం పూలు నేసినట్టే ఈ యంత్రం బీజగణితాన్ని నేస్తుందన్నది ఆమె పోలిక. అందులోని లెక్కింపు క్రమాన్నే తొలి కంప్యూటర్ ప్రోగ్రామ్‌గా చాలామంది చెబుతారు. అంటే ప్రోగ్రామింగ్ మూలాల్లో ఒకటి మగ్గంలోనే ఉంది. మగ్గం చప్పుడు వింటూ పెరిగిన మన ప్రొద్దుటూరు అమ్మాయికి కంప్యూటర్ పరాయిది ఎట్లా అవుతుంది?

18 ఏళ్లకు వితంతువు, 24 ఏళ్లకు ఇంజినీరు

‘మా ఇంట్లో పరిస్థితి మీకు తెలియదక్కా’ అనే వాళ్లకు నేను చెప్పే పేరు అయ్యలసోమయాజుల లలిత. మన తెలుగింటి ఆడబిడ్డ. 1919లో మద్రాసులో పుట్టింది. 15 ఏళ్లకే పెళ్లి చేశారు. 18 ఏళ్లకు భర్త పోయాడు, అప్పటికి చంకలో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో అలాంటి అమ్మాయి జీవితం ఎట్లా గడిచేదో మన ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

ఆమె మళ్లీ చదువుకుంది. ఇంటర్మీడియట్ క్వీన్ మేరీస్ కాలేజీలో ఫస్ట్ క్లాసులో పాసైంది. మెడిసిన్ చదవొచ్చు కదా అంటే, అర్ధరాత్రి పిలుపు వస్తే పసిబిడ్డను వదిలి వెళ్లాలి కాబట్టి వద్దనుకుంది. నాన్న పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఆయన కాలేజీ పెద్దలను, ప్రభుత్వాన్ని ఒప్పించి 1940లో కూతురిని అదే కాలేజీలో చేర్పించారు. అప్పటిదాకా అక్కడ ఒక్క అమ్మాయీ లేదు. ఆ తర్వాత లీలమ్మ జార్జ్, పి.కె. థ్రెసియా సివిల్‌లో చేరారు. ఆ థ్రెసియానే తర్వాత కేరళ ప్రజా పనుల శాఖకు చీఫ్ ఇంజినీర్ అయ్యారు. కాలేజీ ముద్రించిన పట్టాలో ‘అతడు’ అనే అర్థంలో ఇంగ్లిష్ మాట ఉంటే, దాన్ని కొట్టేసి ‘ఆమె’ అని చేత్తో రాయాల్సి వచ్చిందట!

లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందారు. సిమ్లాలో కేంద్ర ప్రభుత్వ సంస్థలో పనిచేశారు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్ ఆమె పని. భాక్రా నంగల్ ప్రాజెక్టు పనుల్లోనూ ఆమె చేయి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్లారు.

ఇందులో మీరు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆమె కలకత్తా ఎందుకు వెళ్లారు? అక్కడ అన్నా వదినల కుటుంబం ఉంది. వాళ్లింట్లో పాప పెరిగింది కాబట్టే ఈమె ఆఫీసుకు వెళ్లగలిగారు. ఒంటరి పోరాటం చేసి గెలిచిన కథ కాదిది. నాన్న ఒక పని చేశాడు, అన్నా వదినలు ఒక పని చేశారు, మిగతాది ఆమె చేసింది. కాబట్టి ఇంట్లో ‘నాకు సపోర్ట్ చేయండి’ అని ఊరికే అనకండి. ఎవరు, ఏ పని, ఎన్నాళ్లు చేయాలో తేల్చి అడగండి. ‘నాయనా, ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. చిన్నాయన వాళ్లింటికి దగ్గర్లోనే హాస్టల్. మొదటిసారి నువ్వే వచ్చి దించిపో’ అని అడిగితే, కాదనడానికి ఆయన కూడా కాస్త ఆలోచిస్తాడు.

మన చుట్టూ ఏముంది?

‘మన దగ్గర ఏముందక్కా, అన్నీ హైదరాబాద్‌లోనే’ అనేది ఇంకో మాట. చదువు విషయంలోనే చూద్దాం. పులివెందులలో జేఎన్‌టీయూఏ ఇంజినీరింగ్ కాలేజీ 2006 నుంచి ఉంది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కాలేజీ, ఇడుపులపాయలో ఆర్కే వ్యాలీ ట్రిపుల్ ఐటీ 2008లో వచ్చాయి. పదో తరగతి తర్వాత ఆరేళ్లు అక్కడే ఉండి బీటెక్‌తో బయటికి వచ్చే ట్రిపుల్ ఐటీ సీట్లలో ఇటీవలి ఏళ్లలో అమ్మాయిలదే పైచేయి. అంటే తెలివి, మార్కుల సంగతి ఎప్పుడో తేలిపోయింది. తేలాల్సింది ఆ తర్వాతి సంగతి.

ఇక ప్రాజెక్టులు. అమీర్‌పేటలో డబ్బులిచ్చి కొన్న ప్రాజెక్టును ఇంటర్వ్యూలో రెండే రెండు ప్రశ్నలతో పట్టేస్తారు. అంతదూరం ఎందుకు? మన మూడు ఊళ్ల చుట్టూ ఉన్నవే చూడండి.

ఎర్రగుంట్ల దగ్గర ఆర్టీపీపీ ఉంది. 1,650 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం. దాని బూడిద ఇటుకల్లోకి, సిమెంటులోకి వెళ్తుంది. ఆ బూడిద కలిపిన ఇటుక ఎంత బరువు ఆపుతుందో మీ సివిల్ ల్యాబ్‌లోనే పరీక్షించవచ్చు.

జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో సోలార్ పార్కు ఉంది. ప్యానెల్ మీద దుమ్ము పడితే కరెంటు ఎంత తగ్గుతుంది? నీళ్లు కరువైన చోట తక్కువ నీళ్లతో కడగడం ఎట్లా? ఇది ఈఈఈ వాళ్లకూ, మెకానికల్ వాళ్లకూ పనికొచ్చే ప్రశ్నే.

పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. అక్కడి రాయి కార్బొనేట్ రకం కాబట్టి ఆమ్లం బదులు క్షార పద్ధతిలో ఖనిజం తీస్తారు. వ్యర్థాల చెరువు పక్క ఊళ్లవాళ్లు తమ బోరు నీళ్ల గురించి ఏళ్లుగా అడుగుతున్నారు. నీటి నమూనా శాస్త్రీయంగా తీయడం, పరీక్షించడం, ఫలితాన్ని ఊరివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం తెలిసిన కెమిస్ట్రీ అమ్మాయి విలువ అక్కడ తెలుస్తుంది.

పులివెందుల చీనీ తోటలకు, అరటి తోటలకు డ్రిప్ ఉంది. నేలలో తేమను బట్టి మోటారు ఆగేలా చేయాలంటే ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, తేమ సెన్సర్, రిలే చాలు. వెయ్యి రూపాయల లోపే అవుతుంది. ప్రొద్దుటూరు మరమగ్గంలో పోగు తెగగానే ఆగిపోయే సెన్సర్ కూడా అంతే. ఇలాంటివి చేసి ‘మా నాయన తోటలో రెండు నెలలు పెట్టి చూశాను, మూడుసార్లు ఫెయిలైంది, ఎందుకంటే..’ అని ఇంటర్వ్యూలో చెప్పగలిగితే, ఆ ‘ఎందుకంటే’ తర్వాత వచ్చే మాటలకే ఉద్యోగం.

‘కోర్’ మనది కాదా?

గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, పవర్ ప్లాంట్లు మగవాళ్లవి అనే మాట మొన్నమొన్నటిదాకా చట్టంలోనే ఉండేది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ గనుల్లో పనికి అనుమతించలేదు. 2019లో కేంద్రం ఆ ఆంక్షను సడలించింది. సాంకేతిక, పర్యవేక్షక, మేనేజ్‌మెంట్ పనులకు భూగర్భంలో ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకా, ఓపెన్‌కాస్ట్ గనుల్లో రాత్రి షిఫ్టులో కూడా మహిళలను తీసుకోవచ్చని అప్పట్లో చెప్పింది. వాళ్ల రాతపూర్వక అంగీకారం ఉండాలంది. షిఫ్టులో కనీసం ముగ్గురు మహిళలు కలిసి ఉండాలంది. ఆ తర్వాతే మన తెలంగాణ అమ్మాయి సంధ్య రసకట్ల భూగర్భ గనిలో మేనేజర్ స్థాయి సర్టిఫికెట్ సాధించి వార్తల్లోకి వచ్చింది. సున్నపురాయి గనుల మధ్య పెరిగిన ఎర్రగుంట్ల, జమ్మలమడుగు అమ్మాయిలు ఈ తలుపు తెరుచుకుందని ముందుగా తెలుసుకోవాలి.

ప్లాంటులో అనుభవం కావాలంటే నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్ ఉంది. డిప్లొమా, బీటెక్ పూర్తయినవాళ్లు పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఏడాది పాటు స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చు. గేట్ రాస్తే ఎంటెక్‌లో నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. అదే స్కోరుతో కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలూ పిలుస్తాయి. అమ్మాయిలకు గేట్ ఫీజు సగమే.

డబ్బు అడ్డమా?

ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ గురించి నేను కలిసినవాళ్లలో సగం మందికి తెలియదు. ఏడాదికి 50,000 రూపాయలు. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో డిప్లొమా గానీ, బీటెక్ గానీ మొదటి ఏడాదిలో చేరిన అమ్మాయిలు, లేటరల్ ఎంట్రీతో రెండో ఏడాదిలో చేరినవాళ్లు అర్హులు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షలు దాటకూడదు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. మొదటి ఏడాదిలో వదిలేస్తే మూడో ఏడాదిలో గుర్తుకొచ్చినా లాభం లేదు. మీ చెల్లెలు ఇప్పుడే చేరుతోందా? ఈ పేరా ఆమెకు చూపించండి.

రాష్ట్రంలో కన్వీనర్ కోటా ఇంజినీరింగ్ సీట్లలో మూడో వంతు మహిళలకే. ఐఐటీల్లో అమ్మాయిల కోసం 2018లో అదనపు సీట్లు మొదలుపెట్టి, 2020 నాటికి వాళ్ల వాటా 20 శాతం ఉండేలా చేశారు. ‘రిజర్వేషన్‌తో వచ్చిందిలే’ అని ఎవరైనా అంటే తల దించుకోకండి. లలితకు ముందు ఆ గిండీ కాలేజీలో సీట్లన్నీ అబ్బాయిలవే కదా, దాన్ని ఏమంటారో అడగండి.

ఇంటర్వ్యూలో ఆ ఒక్క ప్రశ్న

నా తొలి ఇంటర్వ్యూల్లో ఒకచోట టెక్నికల్ రౌండు బాగానే చేశాను. ఆఖర్లో ‘పెళ్లెప్పుడు? అయ్యాక మానేస్తావేమో కదా’ అని అడిగారు. నేను తడబడి ‘ఇప్పుడే లేదు సార్, మా ఇంట్లో రెండేళ్ల దాకా అడగరు’ అని సంజాయిషీ ఇచ్చుకున్నాను. ఉద్యోగం రాలేదు. బాధ ఉద్యోగం గురించి కాదు, ఆ సంజాయిషీ గురించి.

ఇప్పుడైతే ఇలా చెబుతాను: ‘ఈ ఉద్యోగంలో మొదటి రెండేళ్లలో నేను ఫలానావి నేర్చుకోవాలనుకుంటున్నాను. ఈ ఊరికి మారడానికి సిద్ధం. పనికి సంబంధించి ఇంకేమైనా అడగండి’. గొంతు పెంచక్కర్లేదు, నవ్వుతూ చెప్పండి. కానీ మాట పని మీదికి తిప్పండి.

ఇంకో అలవాటు మానండి. ప్రాజెక్టు గురించి అడిగితే మన అమ్మాయిలు ‘మేము చేశాం సార్’ అంటారు. అబ్బాయిలు ‘నేను చేశాను’ అంటారు. టీమ్ ఏం చేసిందో ఒక వాక్యం, అందులో మీరు ఏం చేశారో మూడు వాక్యాలు చెప్పండి. రెజ్యూమెలో కూడా అంతే.

చేరిన తర్వాత రెండు చట్టాలు గుర్తుంచుకోండి. పది మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. 2013 నాటి చట్టం ఇది. చేరిన మొదటి వారంలోనే ఆ కమిటీలో ఎవరున్నారో తెలుసుకోండి. 2017 నుంచి మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు మీ హక్కు.

ఫైలులో ఉండిపోయిన ఆఫర్ లెటర్

మా క్లాసులో టాపర్ నేను కాదు. జమ్మలమడుగు వైపు అమ్మాయి ఒకామె. ఫైనలియర్‌లో ఆమెకు చెన్నైలో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో ‘ఇంత దూరం సదివించినాం గదమ్మా, ఇంక సాలు. ఒక్కదాన్నే యెట్లా పంపేది?’ అన్నారు. ఆఫర్ లెటర్‌ను సర్టిఫికెట్ల ఫైలులో పెట్టేసింది. ఆ వేసవిలోనే పెళ్లి. వాళ్ల నాయన చెడ్డవాడు కాదు. చెన్నైలో ఆ హాస్టల్ ఎట్లా ఉంటుందో, రాత్రి ఎవరు తోడొస్తారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. అంతే.

మొన్న ఫోన్ చేసి, ‘మే, ఏడేళ్ల గ్యాప్ వచ్చింది. ఇప్పుడు నాకు ఎవరిస్తారు?’ అంది. చెప్పడానికి నా దగ్గర కొన్ని సంగతులు ఉన్నాయి. గేట్‌కు వయోపరిమితి లేదు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితంగా వినొచ్చు. విరామం తర్వాత తిరిగొచ్చే మహిళల కోసం కొన్ని ఐటీ కంపెనీలు ప్రత్యేకంగా నియామకాలు చేస్తున్నాయి. పీజీ, పీహెచ్‌డీ చేసి ఆగిపోయిన వాళ్లకు కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ వైజ్-కిరణ్ పథకం కింద పరిశోధనకు సాయం చేస్తుంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇస్రో ఇంజినీర్ మంగళ మణి అంటార్కిటికాలోని భారతి స్టేషన్‌లో 403 రోజులు పనిచేశారు. వెళ్లేనాటికి ఆమె వయసు యాభై దాటింది. ఆ బృందంలో ఆమె ఒక్కరే మహిళ.

నా ఫ్రెండు ఇప్పుడు పిల్లలు పడుకున్నాక రోజుకు గంటన్నర పైథాన్ నేర్చుకుంటోంది. ఏమవుతుందో చూడాలి. కానీ మీకు ఆ ఏడేళ్లు పోకుండా చూసుకునే అవకాశం ఇప్పుడే ఉంది. ఫైనలియర్ దాకా ఆగకండి. మూడో ఏడాదిలోనే ఇంట్లో మాట మొదలుపెట్టండి. ఒక కాగితం మీద ఊరు, జీతం, హాస్టల్ ఖర్చు, అక్కడ తెలిసినవాళ్లు, నెలకు ఎన్నిసార్లు ఇంటికి రావచ్చు అన్నీ రాసి అమ్మానాయనల ముందు పెట్టండి. భయానికి వివరమే మందు.

రేపటి నుంచే ఇవి చేయండి

* ల్యాబ్‌లో వంతులు వేసుకోండి. ఈ వారం కనెక్షన్ ఇచ్చినవాళ్లు వచ్చే వారం రీడింగ్స్ రాయాలి. అబ్బాయిలూ, ఇది మీకు కూడా. రికార్డు రాయడం నేర్చుకుంటే ఉద్యోగంలో రిపోర్టు రాయడం వస్తుంది.
* మొదటి ఏడాది: ఒక ప్రోగ్రామింగ్ భాష, లేదా ఒక మల్టీమీటరు. ఏదో ఒకటి పూర్తిగా చేతికి రావాలి.
* రెండో ఏడాది: మన ఊరి సమస్య మీద ఒక చిన్న ప్రాజెక్టు. ఫెయిలైనా సరే, నోట్సు దాచుకోండి.
* మూడో ఏడాది: ఒక ఇంటర్న్‌షిప్. ఇంగ్లిష్ భయమైతే రోజూ పది నిమిషాలు మీ ప్రాజెక్టునే గట్టిగా వివరించండి. తప్పులు రానీ.
* ఫైనలియర్: ప్లేస్‌మెంట్లు, గేట్, అప్రెంటిస్‌షిప్.. మూడు దారులూ తెరిచి ఉంచండి.
* మీకంటే ఒక ఏడాది చిన్నదైన అమ్మాయికి మీరు నేర్చుకున్నది చెప్పండి.

చివరగా, ఆ పరీక్ష తర్వాత ఏమైందంటే.. అత్తెసరు మార్కులతో బయటపడ్డాను. తర్వాతి సెమిస్టరులో ల్యాబ్ అసిస్టెంట్ అన్నను బతిమాలి శనివారం మధ్యాహ్నాలు గంట సేపు ల్యాబ్ తెరిపించుకున్నాను. మొదటి వారమే తప్పు కనెక్షన్ ఇచ్చి ఫ్యూజు పోగొట్టాను. కొంపేమీ మునగలేదు. నాలుగో వారానికి మోటారు నా చేతి మీదే తిరిగింది. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది.

దసరా రోజు ఈ సంగతి విని ఆ పాప అడిగింది, ‘అక్కా, ఫ్యూజు పోతే సార్ తిడతారేమో?’

తిడతారు. కొత్త ఫ్యూజు వేస్తారు. నువ్వు మళ్లీ కనెక్షన్ ఇవ్వు.